కంట్రోల్ రూమ్‌కు పల్లె వినపడుతుందా?

తుపాను వస్తోందని తెలియగానే మన కోస్తా జిల్లాల్లో ముందుగా పుట్టేది కంట్రోల్ రూమ్. కలెక్టరాఫీసులో ఒక గది, నాలుగు ఫోన్లు, గోడకు జిల్లా పటం, మూడు షిఫ్టుల్లో కూర్చునే గుమాస్తాలు. చాలాకాలం దాని స్వరూపం ఇదే. ఇప్పుడు దాన్ని కమాండ్ సెంటర్ అంటున్నారు. గోడకు పటం బదులు గోడంత తెర వచ్చింది. ఉపగ్రహ చిత్రాలు, సీసీ కెమెరాలు, డ్రోన్లు వచ్చాయి. పేరు మారింది, సరంజామా మారింది. మనం అడగాల్సిన ప్రశ్నలు మాత్రం మారలేదు. ఆ గదిలోకి ఎవరి మాట చేరుతుంది? ఆ గదిలోంచి బయల్దేరిన ఆజ్ఞ ఎవరి గడప దాకా వచ్చి ఆగిపోతుంది?

సైన్యం, పౌర పాలన కలిసి పనిచేయడం గురించి పాలనాశాస్త్రం చాలా రాసింది. ఆ రాతల్లో ఎక్కువ భాగం పైనున్న తగువు గురించే. కలెక్టరు గొప్పా, కర్నలు గొప్పా? ఎవరు ఎవరికి చెప్పాలి? ఈ తగువు చట్టం ఎప్పుడో తేల్చేసింది. తేలనిది కింది తగువు. మండలాఫీసు నుంచి ఊరికి, ఊరి నుంచి పల్లెకు ఉన్న ఆ ఫర్లాంగు దూరాన్ని ఏ కమాండూ దాటలేకపోయిందన్నది ఈ వ్యాసం వాదన. గుంటూరు, ప్రకాశం జిల్లాల్లో ఊరు వేరు, పల్లె వేరని పాఠకులకు చెప్పక్కర్లేదు. పల్లె అంటే మాలపల్లె, మాదిగపల్లె. పటం మీద రెండూ ఒకే చుక్క. నేల మీద కావు.

ఈ వాదనను నల్లపాడు వైపు నుంచి చూస్తున్నాం. నల్లపాడు గుంటూరుకు ఆనుకుని ఉన్న రైల్వే జంక్షను. అక్కణ్ణుంచి పడమరకు పోతే పత్తి, మిరప పండే మెరక చేలు. సముద్రం దగ్గర్లో లేదు, ఉప్పెన రాదు. కాబట్టి తుపాను పటంలో ఇది ఎర్రరంగు పడే చోటు కాదు. పటంలో రంగు పడని చోట నిలబడి చూస్తేనే పటం ఏం దాస్తుందో తెలుస్తుంది. ఇంకో కారణం కూడా ఉంది. 1967లో ఆంధ్ర విశ్వవిద్యాలయం గుంటూరు ప్రాంతానికి ఇచ్చిన పీజీ సెంటరు నల్లపాడులో నడిచింది. 1976లో అది నాగార్జున విశ్వవిద్యాలయంగా ఎదిగింది. ఆ మరుసటి సంవత్సరమే దివిసీమ ఉప్పెన వచ్చింది. ఆ ఉప్పెన మీద సైన్యాన్నీ పాలననూ కలిపి చూసిన పుస్తకంలో ఆ విశ్వవిద్యాలయం పాలు ఉంది. చర్చ అక్కణ్ణుంచి మొదలుపెట్టడం న్యాయం.

1977: చెవి లేని జిల్లా

1977 నవంబరు 19న ఉప్పెన దివి తాలూకాను ముంచేసింది. గుంటూరు జిల్లా వైపు రేపల్లె, బాపట్ల ప్రాంతాలు కూడా దెబ్బతిన్నాయి. చనిపోయినవాళ్ళు అధికార లెక్కలోనే పదివేల దగ్గర. ఇతర లెక్కలు ఇంకా ఎక్కువ చెప్పాయి. పాలకాయతిప్ప, సొర్లగొంది వంటి ఊళ్ళ పేర్లు ఆ రోజు నుంచే రాష్ట్రమంతా తెలిశాయి. టెలిఫోను తీగలు తెగిపోయాయి, రోడ్లు కొట్టుకుపోయాయి. జిల్లా కేంద్రానికి తన జిల్లాలో ఏం జరిగిందో తెలియని స్థితి. సైన్యం వచ్చింది, హెలికాప్టర్లు తిండి పొట్లాలు జారవిడిచాయి. ప్రభుత్వం, సైన్యం, మతసంస్థలు, పార్టీలు, స్వచ్ఛంద సంస్థలు ఒక్క నేల మీద పనిచేయాల్సి వచ్చింది. ఇవాళ మనం 'సమన్వయం' అంటున్న సమస్య ఆంధ్రదేశంలో అంత పెద్ద ఎత్తున ఎదురైన సందర్భాల్లో అది ఒకటి.

దాని మీద స్టీఫెన్ పి. కోహెన్, సి.వి. రాఘవులు కలిసి 1979లో ఒక పుస్తకం తెచ్చారు. 'ది ఆంధ్ర సైక్లోన్ ఆఫ్ 1977' దాని పేరు. సామూహిక మరణానికి వ్యక్తులు, సంస్థలు ఎలా స్పందించాయన్నది ఉపశీర్షిక. కోహెన్ భారత సైన్యం మీద ప్రపంచమంతా గుర్తించిన పండితుడు. రాఘవులు నాగార్జున విశ్వవిద్యాలయంలో పాలనాశాస్త్ర ఆచార్యుడు. సైన్యాన్ని చదివినాయన, పాలనను చదివినాయన ఒక చోట కూర్చోవడం ఆ విపత్తుకు తగిన జోడీయే.

ఇక్కడ దళిత పాఠకుడు గమనించాల్సిన విషయం ఒకటుంది. అదే కోహెన్ 1969లో 'ది అన్‌టచబుల్ సోల్జర్' అనే వ్యాసం రాశాడు. సైన్యంలో అంటరాని కులాలను ఎప్పుడు చేర్చుకున్నారు, ఎప్పుడు బయటికి నెట్టారు, మళ్ళీ అవసరం పడి ఎప్పుడు పిలిచారు అన్న చరిత్ర అది. అంటే బారకాసుల లోపల కులాన్ని చూసిన కన్ను ఆయనది. సైన్యం కులానికి అతీతమైన యంత్రం కాదని తెలిసిన పండితుడాయన. అలాంటప్పుడు ఉప్పెన దగ్గరికొచ్చేసరికి శీర్షికలో మిగిలిన జంట మాటలు 'వ్యక్తి', 'సంస్థ'. ఇది ఆ ఇద్దరి మీద నేరారోపణ కాదు. ఆ పుస్తకం లేకపోతే ఈ చర్చే ఉండదు. మన విమర్శ ఆ జంట మాటల మీద. ఆనాటి పాలనాశాస్త్రమంతా వాడిన మాటలే అవి. మన దేశంలో వ్యక్తికీ సంస్థకీ మధ్య కులం నిలబడి ఉంటుంది. ఉప్పెనలో మునిగినవాడు వట్టి వ్యక్తిగా మునగడు. కూలికి పోయిన చోట, పోరంబోకులో వేసుకున్న గుడిసెలో, పల్లపు నేలలో మునుగుతాడు. పొట్లం పంచేవాడు వట్టి సంస్థగా పంచడు. మునసబుగా, కరణంగా, పెద్దరైతుగా పంచుతాడు.

1977 నాటికి గ్రామంలో ప్రభుత్వం అంటే ఎవరో గుర్తు చేసుకుందాం. వంశపారంపర్య మునసబు, కరణం. ఆ పదవుల్ని ఎన్.టి. రామారావు ప్రభుత్వం రద్దు చేసింది 1984 జనవరిలో. అంటే దివిసీమకు పొట్లాలు దిగినప్పుడు, ఏ ఇంట్లో ఎందరు పోయారో జాబితా రాసినప్పుడు, ఆ ఆఖరి కలం తరతరాలుగా ఊరి పెత్తనం చేసిన కుటుంబాల చేతిలో ఉంది. హెలికాప్టరు ఢిల్లీ ఆజ్ఞ మీద లేచి ఉండొచ్చు. అది దించిన మూట మీద పెత్తనం మాత్రం ఊరిదే.

హెచ్చరిక సంగతి కూడా చూడండి. రేడియో ఉన్న ఇళ్ళు ఊళ్ళో కొన్ని, పల్లెలో దాదాపు సున్న. ఊరికి ఏ కబురు చెప్పాలన్నా ఉన్న పాత సాధనం చాటింపు. డప్పు భుజానికి తగిలించుకుని వీధి వీధీ తిరిగేది పల్లె మనిషి. చాటింపు వేసే గొంతు పల్లెది, చాటింపులో ఏం చెప్పాలో నిర్ణయించే నోరు ఊరిది. ఆ కాలపు కమాండ్ వ్యవస్థకు ఇంతకంటే మంచి బొమ్మ దొరకదు. దళితుడు అందులో తీగలాంటి వాడు. మాట అతని గుండా పోతుంది, అతని దగ్గర ఆగి అతన్ని ఏమీ అడగదు.

పీటర్ వించెస్టర్ 1992లో అచ్చువేసిన 'పవర్, చాయిస్ అండ్ వల్నరబిలిటీ' ఈ విషయాన్ని ఒక మెట్టు ముందుకు తీసుకుపోయింది. 1977 నుంచి 1988 దాకా కృష్ణా డెల్టాను పట్టుకుని చేసిన పని అది. మనిషి సముద్రానికి ఎంత దగ్గరున్నాడన్నది మాత్రమే చావుబతుకుల్ని తేల్చదని, భూమీ ఆస్తీ పలుకుబడీ ఎంతున్నాయన్నదే అతను దెబ్బ తట్టుకుని లేస్తాడా లేదా అన్నది తేలుస్తుందని ఆయన వాదన. విపత్తు నిర్వహణ అన్న మాటకు బదులు విపత్తు దుర్నిర్వహణ అని ఉపశీర్షికలోనే పెట్టాడు. ఆ 'పలుకుబడి' అన్న మాటకు మన నేల మీద కులం అన్న అర్థం ఉందని మనం చేర్చుకోవాలి. రెండెకరాల శూద్ర రైతు, రెండెకరాల మాదిగ రైతు తుపాను మర్నాడు ఒకే మండలాఫీసు మెట్లెక్కుతారు. ఇద్దరికీ ఒకే కుర్చీ దొరకదు.

ఇన్ని చెప్పాక ఒక నిజం ఒప్పుకోవాలి. 1977 తర్వాత హెచ్చరికలు మెరుగుపడ్డాయి, తుపాను షెల్టర్లు కట్టారు. 1990 మే 9న కృష్ణా ముఖద్వారం దగ్గర అంత బలమైన తుపానే తీరం దాటినప్పుడు లక్షల మందిని ముందే తరలించారు. చనిపోయినవాళ్ళు వెయ్యి లోపు. పదివేలకీ వెయ్యికీ తేడా చిన్నది కాదు. ఆ బతికిన ప్రాణాల్లో మనవాళ్ళవీ ఉన్నాయి. కంట్రోల్ రూమ్ దండగని మనం అనడం లేదు. అది ప్రాణం నిలపడం నేర్చుకుంది. నిలిచిన ప్రాణానికి ఏం ఇవ్వాలో, ఎవరి చేత్తో ఇవ్వాలో నేర్చుకోలేదు.

'సివిల్' అంటే ఎవరు?

సైన్యాన్ని పిలిచే పద్ధతికి మన దేశంలో 'ఎయిడ్ టు సివిల్ అథారిటీ' అని పేరు. పౌర అధికారికి సాయం అని. ఎలా నడుస్తుందో సూటిగా చెప్పుకుందాం. తన దగ్గరున్న బలగంతో పని జరగదని పౌర అధికారి రాతపూర్వకంగా అడగాలి. ఏం పని కావాలో ఆయన చెబుతాడు. ఎలా చేయాలో, ఎంతమంది కావాలో సైనికాధికారి తేల్చుకుంటాడు. జవాను తన అధికారి ఆజ్ఞే వింటాడు, తహసీల్దారుది కాదు. పని అయిపోగానే దళం వెనక్కి పోతుంది. గుంపుల్ని చెదరగొట్టడానికి సైన్యాన్ని పిలవాల్సి వస్తే దానికి వేరే సెక్షన్లున్నాయి. అవి 1973 నాటి క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌లో 130, 131. 2024 జూలై నుంచి అవే నిబంధనలు కొత్త నాగరిక్ సురక్షా సంహితలో ఉన్నాయి.

2005లో విపత్తు నిర్వహణ చట్టం వచ్చాక దీనికి శాశ్వతమైన ఇల్లు దొరికింది. పైన జాతీయ సంస్థ, మధ్యన రాష్ట్ర సంస్థ, కింద కలెక్టరు అధ్యక్షతన జిల్లా సంస్థ. విపత్తుల కోసమే జాతీయ స్పందన దళం ఏర్పడింది. దాని పదో బెటాలియన్ మన ప్రాంతంలోనే ఉంది. 2025 జనవరిలో గన్నవరం దగ్గరి కొండపావులూరులో దానికి కొత్త ప్రాంగణం ప్రారంభించారు. కాబట్టి కలెక్టరు గొప్పా కర్నలు గొప్పా అన్న తగువు తీరింది. పౌర అధికారిదే పైచేయి. ప్రజాస్వామ్యంలో అలాగే ఉండాలి.

కానీ మన ప్రశ్న వేరు. ఆ 'పౌర' అనే మాటలో పౌరుడెవరు? జిల్లా సంస్థలో అధ్యక్షుడు కాక ఏడుగురికి మించి సభ్యులుండకూడదు. కలెక్టరు, సహాధ్యక్షుడిగా జిల్లా పరిషత్ అధ్యక్షుడు, ఎస్పీ, జిల్లా వైద్యాధికారి, ఇలా పోతుంది వరస. దళితుడు అందులో ఉండాలన్న నియమం లేదు. పదవిలో ఉంటే ఉంటాడు, లేకపోతే లేదు.

అదే చట్టంలో 61వ సెక్షన్ ఉంది. పరిహారం, సహాయం ఇచ్చేటప్పుడు లింగం, కులం, సమూహం, వంశం, మతం కారణంగా వివక్ష చూపకూడదని అది చెబుతుంది. ఆ సెక్షన్ ఊరికే రాలేదు. 2004 డిసెంబరు సునామీ తర్వాత తమిళనాడు నాగపట్టణం ప్రాంతంలో దళితుల్ని సహాయ శిబిరాల్లో విడిగా పెట్టడం, జాబితాల్లోంచి వదిలేయడం మానవహక్కుల సంస్థలు నమోదు చేశాయి. మరుసటి సంవత్సరం చట్టం వచ్చింది. సంతోషమే. ఇక ఆ చట్టంలో శిక్షల అధ్యాయం తిరగేయండి. అబద్ధపు సహాయం కోరినవాడికి రెండేళ్ళ దాకా జైలు అని 52వ సెక్షన్ చెబుతుంది. అబద్ధపు హెచ్చరిక పుట్టించినవాడికి ఏడాది దాకా అని 54వ సెక్షన్ చెబుతుంది. కులం చూసి సహాయం ఆపినవాడికి ఎంత? 2005లో వచ్చినప్పుడు ఆ అధ్యాయం 60వ సెక్షన్‌తో ముగిసిపోయింది. 61 ఆ తర్వాతి అధ్యాయంలో, 'ఇతరములు' కింద ఉంది. ఆ వివక్షకంటూ ప్రత్యేకంగా శిక్ష లేదు. అడుక్కునేవాడు అబద్ధమాడతాడేమోనన్న భయం రాజ్యానికి ఉంది. పెట్టేవాడు కులం చూస్తాడేమోనన్న భయం ఒక నీతివాక్యంతో సరిపెట్టుకుంది.

బలగం ఉండీ జరిగినవి

కమాండ్ అంటే తుపానులకు మాత్రమే సంబంధించింది కాదు. బలగాన్ని ఎక్కడ నిలపాలి, ఎవరి వైపు తిప్పాలి అన్నది కూడా ఆ గదే తేలుస్తుంది. హైదరాబాదు బంజారాహిల్స్‌లో 2022 ఆగస్టులో ప్రారంభించిన పోలీసు కమాండ్ కంట్రోల్ సెంటర్‌లో శాంతిభద్రతల్నీ విపత్తుల్నీ ఒకే హాల్లోంచి చూస్తామన్నారు. రెండూ ఒకే కన్నుతో చూసేటట్లయితే ఆ కన్ను శాంతిభద్రతల విషయంలో మనల్ని ఎలా చూసిందో కూడా ఈ చర్చలోకి తేవాల్సిందే.

1985 జూలై 17న ప్రకాశం జిల్లా కారంచేడులో ఆరుగురు దళితుల్ని చంపారు. మంచినీళ్ళ చెరువు మురికి చేయవద్దన్న మాట దగ్గర మొదలైంది. 1991 ఆగస్టు 6న గుంటూరు జిల్లా చుండూరులో ఎనిమిది మందిని చంపి గోతాల్లో కుక్కి కాలువలో పడేశారు. చుండూరులో పోలీసులు లేక జరగలేదు ఆ పని. అంతకు ముందు వారాలుగా ఉద్రిక్తత ఉంది. ఊళ్ళో పోలీసులు ఉన్నారు. బలగం ఉంది, వైర్‌లెస్ ఉంది, పైనుంచి కిందిదాకా అధికారుల వరస ఉంది. లేనిది ఒక్కటే. పల్లెలోంచి 'మమ్మల్ని చంపుతారు' అని వచ్చే మాటను సమాచారంగా తీసుకునే చెవి. ఊళ్ళోంచి వచ్చే మాట సమాచారం, పల్లెలోంచి వచ్చే మాట ఫిర్యాదు. ఈ తేడా ఉన్నంత కాలం ఎంత బలగం దించినా అది ఊరి కాపలాకే పనికొచ్చుద్ది.

దీనికి ఎదురుగా మనవాళ్ళు ఏం చేశారో పాలనాశాస్త్రం పాఠంగా చదవాలి. కారంచేడు బాధితులు ఊరొదిలి చీరాలలో శిబిరం వేసుకున్నారు. చుండూరు బాధితులు తెనాలిలో వేసుకున్నారు. ఆ శిబిరాల్ని మనం ఉద్యమ చరిత్రలో చదువుకుంటాం, దళిత మహాసభ పుట్టుక దగ్గర తలుచుకుంటాం. అవి కమాండ్ సెంటర్లు కూడా. ఎవరు చనిపోయారు, ఎవరు గాయపడ్డారు, ఎవరు ఎక్కడ దాక్కున్నారు అన్న జాబితా బాధితులే తయారుచేశారు. బియ్యం ఎక్కణ్ణుంచి రావాలి, ఎవరికి ముందు పెట్టాలి, పత్రికలవాళ్ళతో ఎవరు మాట్లాడాలి, మంత్రి వస్తే ఏం అడగాలి అన్నది అక్కడే తేలింది. చుండూరు శవాల్ని ఎక్కడో ఊరిబయట కాదు, ఊరి నడిబొడ్డున పూడ్చి ఆ చోటికి రక్తక్షేత్రమని పేరు పెట్టారు. కోర్టు చుట్టూ బాధితులు తిరగడం కాదు, కోర్టే ఊళ్ళోకి రావాలని పట్టుబట్టి చుండూరులోనే ప్రత్యేక కోర్టు పెట్టించారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష వేసింది. 2014లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది, ఆ తీర్పును అదే ఏడాది సుప్రీంకోర్టు నిలిపివేసింది. న్యాయం సంగతి అలా ఉండగా, ఇక్కడ చూడాల్సింది మాట నడిచిన దిశ. కింద నుంచి పైకి నడిచింది. దెబ్బ తిన్నవాడు సమాచారం ఇచ్చేవాడు మాత్రమే కాకుండా నిర్ణయం చేసేవాడు కూడా అయ్యాడు. రాజ్యం తన కమాండ్ సెంటర్ల కోసం ప్రపంచమంతా తిరిగి నమూనాలు తెచ్చుకుంది. చీరాల, తెనాలి వైపు చూడలేదు.

తెర మీద కనపడనిది

2017లో వెలగపూడి సచివాలయంలో రియల్ టైమ్ గవర్నెన్స్ కేంద్రం ప్రారంభమైంది. గోడ నిండా తెరలు, రాష్ట్రం నలుమూలల నుంచీ కెమెరా దృశ్యాలు, ఫిర్యాదులకు ఒక ఫోను నంబరు. 2018 అక్టోబరులో శ్రీకాకుళాన్ని తిత్లీ కొట్టినప్పుడు దాన్ని వాడారు. అంతకు ముందు 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖను కొట్టినప్పుడు ముఖ్యమంత్రి అక్కడే బస చేసి కలెక్టరాఫీసునే రాజధానిలా నడిపారు. విశాఖలో తూర్పు నౌకాదళ కేంద్రం ఉంది. విమానాశ్రయమే నౌకాదళానిది. అందుకే అక్కడ సైన్యం, పౌర పాలన పక్కపక్కనే పనిచేయడం కొత్తేమీ కాదు.

2024 సెప్టెంబరులో బుడమేరు విజయవాడను ముంచినప్పుడు కూడా ఇదే పద్ధతి. ముఖ్యమంత్రి విజయవాడ కలెక్టరాఫీసులోనే మకాం. ప్రకాశం బ్యారేజీకి పదకొండు లక్షల క్యూసెక్కులు దాటి రికార్డు వరద వచ్చింది. గండ్లు పూడ్చడానికి సైన్యం ఇంజనీర్లు వచ్చారు. హెలికాప్టర్లు ఆహారం జారవిడిచాయి. సింగ్‌నగర్ మీద డ్రోన్లు తిండి మోశాయి. ఇవన్నీ తెర మీద కనిపించాయి, పత్రికల్లో ఫొటోలు పడ్డాయి. నీరు తీశాక మిగిలింది బురద. మోకాటి లోతు బురద, కుళ్ళిన సరుకు, చచ్చిన జంతువులు, పొంగిన మురుగు. అప్పుడు రాష్ట్రంలోని ఇతర మునిసిపాలిటీల నుంచి వేలాది పారిశుధ్య కార్మికుల్ని విజయవాడకు తరలించారు.

ఇక్కడ ఆగుదాం. సైన్యం గండి పూడ్చితే అది ఆపరేషన్. స్పందన దళం పడవ వేస్తే అది ఆపరేషన్. వేలమంది కార్మికుల్ని ఊళ్ళు దాటించి, వాళ్ళకు పడక, తిండి, వాహనం చూసి, వీధులు పంచి, వారాలపాటు పనిచేయించడం ఏ సైనిక కదలికకూ తీసిపోయేది కాదు. అది మాత్రం శుభ్రత. ఆపరేషన్‌కు యూనిఫాం, బూట్లు, బీమా, పతకం ఉంటాయి. శుభ్రతకు చీపురు ఉంటుంది. ఈ తేడాకు పని స్వభావంలో కారణం వెతికితే దొరకదు. ఆ పని చేసే మాదిగ, మాల, రెల్లి మనుషుల దగ్గర వెతికితే దొరుకుతుంది. సునామీ తర్వాత నాగపట్టణంలో శవాలు తీయడానికి కూడా వేరే పట్టణాల నుంచి మునిసిపల్ కార్మికుల్నే తెచ్చారు. ఊళ్ళో పశువు చస్తే ఎవర్ని పిలిచేవాళ్ళో, రాష్ట్రానికి విపత్తు వస్తే కూడా వాళ్ళనే పిలుస్తారు. వెట్టి రద్దయిందంటాం. కమాండ్ సెంటర్ దాన్ని రాష్ట్రస్థాయి చేసింది.

సైన్యం, పోలీసు, స్పందన దళం అని మూడు బలగాల సమన్వయం గురించి మాట్లాడతారు. నాలుగో బలగం ఉంది. దాని పేరు చెప్పని సమన్వయం పూర్తి సమన్వయం కాదు.

నల్లపాడు చేలకు తుపాను ఎలా వస్తుంది

ఇప్పుడు మెరక చేలలోకి వద్దాం. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది. డిసెంబరు మొదట్లో నల్లపాడుకు పడమటి చేలల్లో పత్తి పగిలి ఉంటుంది, మిరప పూతా పిందె మీద ఉంటుంది. పత్తి తడిస్తే రంగు మారుతుంది, కొనేవాడు ధర తగ్గిస్తాడు. మిరప మొదట్లో నీళ్ళు నిలిస్తే చెట్టు వడలి చస్తుంది. మార్చి, ఏప్రిల్ అకాల వానలైతే కళ్ళాల్లో ఆరబోసిన కాయను కొడతాయి. కాయ నలుపెక్కుతుంది, యార్డులో దాన్ని చూసి దలారీ పెదవి విరుస్తాడు.

వాన వెలిశాక పంట నష్టం రాయడానికి సిబ్బంది వస్తారు. కమాండ్ సెంటర్ తెర మీద 'నష్టం' అనే అంకెగా మారేది ఈ రాతే. కాబట్టి ఈ ఫారంలో ఏ గడి ఉంది, ఏ గడి లేదు అన్నది చాలా పెద్ద విషయం. అందులో పట్టాదారుకు గడి ఉంది. 33 శాతానికి మించి పోతేనే నష్టమన్నది 2015 నుంచి ఉన్న కొలత. కౌలుదారుకు గడి ఉంది, కార్డు ఉంటే. 2019 పంట సాగుదారు హక్కుల చట్టం ప్రకారం ఆ కార్డు రావాలంటే భూమి యజమాని సంతకం కావాలి. ఊళ్ళో రైతు పల్లెలో కౌలుదారుకు సంతకం పెట్టాలి. సంతకం పెడితే భూమి పోతుందేమోనన్న భయంతో పెట్టడు. అడగడానికి కౌలుదారు భయపడతాడు, అడిగితే వచ్చే ఏడు కౌలు పోతుంది.

ఇక కూలికి? పత్తి తీసేది, మిరపకాయ కోసేది ఎక్కువగా పల్లె ఆడవాళ్ళు. పత్తి తీత కిలోకింత లెక్కన, కాయకోత రోజుకింత లెక్కన. పత్తి నల్లబడితే తీతకు పిలవరు. చెట్టు చస్తే కోతకు పిలవరు. రైతుకు ఒక పంట పోయింది. ఆమెకు మూడు నెలల కూలి పోయింది. పంట నష్టం ఫారంలో ఆమె లేదు. ఉపాధి దెబ్బతిన్న కుటుంబాలకు ఎంతోకొంత ఇచ్చే వీలు కేంద్రం సహాయ నిబంధనల్లో ఉంది. కానీ ఉపాధి దెబ్బతిన్నదని ముందు ఎవరో గుర్తించాలి, జాబితా రాయాలి. నీళ్ళు రాని ఊళ్ళో, ఇల్లు కూలని పల్లెలో ఆ జాబితా ఎవరు మొదలుపెడతారు? కెమెరాకు చేను కనపడుద్ది, చేలోకి రాని మనిషి కనపడదు.

ఊరి స్థాయి పాలన మారలేదని అనడం లేదు. మునసబు, కరణం పోయారు. 1985లో మండలాలొచ్చాయి. 2019 అక్టోబరు 2 నుంచి గ్రామ సచివాలయాలొచ్చాయి. వాటిలో చదువుకున్న దళిత పిల్లలు ఉద్యోగాలు చేస్తున్నారు. ఇది చిన్న విషయం కాదు. మునసబు చేతిలోని కలం మన పిల్ల చేతికి వచ్చింది. కానీ ఫారం పైనుంచే వస్తుంది. కలం పట్టిన చెయ్యి మారింది, గడులు గీసిన చెయ్యి మారలేదు. ఆ అమ్మాయి తన సొంత తల్లి పోగొట్టుకున్న కూలిని రాయాలనుకున్నా రాయడానికి చోటు లేదు.

ఏం అడగాలి

పై విమర్శంతా ఆచరణలోకి రావాలంటే అడగాల్సినవి స్పష్టంగా ఉండాలి. ఒకటి, జిల్లా విపత్తు సంస్థలో, కంట్రోల్ రూమ్‌లో నిర్ణయం చేసే చోట దళిత ప్రతినిధికి స్థానం చట్టంలోనే రాయాలి. పదవి వల్ల దక్కే స్థానం కాదు, హక్కుగా దక్కే స్థానం. రెండు, పటంలో ఊరు, పల్లె వేరు వేరు చుక్కలు కావాలి. పల్లె ఎంత పల్లంలో ఉంది, అక్కణ్ణుంచి షెల్టరుకు దారి ఎవరి వీధిలోంచి పోతుంది అన్నది ముందే రాసి ఉండాలి. మూడు, సహాయ జాబితా పల్లెలో, పల్లెవాళ్ళ సభలో చదివి వినిపించాకే ఖాయం కావాలి. నాలుగు, 61వ సెక్షన్‌కు శిక్ష ఉండాలి. అయిదు, పారిశుధ్య కార్మికుల్ని విపత్తు దళంగా గుర్తించి బూట్లు, ముసుగులు, టీకాలు, బీమా, అదనపు వేతనం ఇవ్వాలి. ఆరు, పంట నష్టం ఫారంలో కూలి నష్టానికి గడి పెట్టాలి.

వీటిలో ఏ ఒక్కదానికీ కొత్త ఉపగ్రహం అక్కర్లేదు, కొత్త తెర అక్కర్లేదు. అక్కర్లేదు కాబట్టే ఇవి సాంకేతిక ప్రణాళికల్లో రావు. కమాండ్ సెంటర్ అంటే చూసే గది అని ఇన్నాళ్ళూ చెప్పారు. చీరాల, తెనాలి శిబిరాలు అది వినే గది అని చూపించాయి. వినడం నేర్చుకోని గదికి ఎన్ని కళ్ళు పెట్టినా అది చూసేది ఊరినే. పల్లె మాట ఆ గదిలో సమాచారంగా నమోదైన రోజునే పౌర అధికారికి సాయం అన్న మాటలో పౌరుడు మనం కూడా అవుతాం.